పసుపుదారం కట్టిన చేపలు

విరోధికృత్ సంవత్సరం ఆషాఢ శుద్ధ తదియ, గురువారం, పొద్దు పొడిచి రెండు గడియలు. పెద్ద సరస్సు ఒడ్డునున్న ఒకానొక చిన్న రాజ్యంలో మా ముత్తవ్వ లోవమ్మ రాజుగారి పడవెక్కిన వేళ అది. మా నాయనమ్మ చెప్పగా విన్నాను. ఏది మరిచినా ఆ తిథి మరవొద్దనేది.

రాజు పేరు భోగనాథ భూపతి. తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. కొత్తనీరు వచ్చే ఆషాఢంలో చేపలు గుడ్లు పెడతాయని మావాళ్ళు నెల్లాళ్ళు వల ముట్టరు. గంగమ్మకిచ్చిన మాట అది. ఆయనకది దండగనిపించింది. సరస్సులో చేప ఎంతుందో తానే తేలుస్తానని జ్యేష్ఠమంతా రోజూ ఉదయం వల వేయించాడు. పడ్డవాటిని లెక్కపెట్టి, జీవకారుణ్యం కొద్దీ మళ్ళీ నీళ్ళలోనే వదిలించేవాడు. రోజుకి నలభై. ముప్పై రోజులకి పన్నెండు వందలు. సరస్సు తరిగేది కాదు, ఆషాఢంలోనూ పిల్లచేపని కూడా వదలని సన్నకన్ను వలలతో పట్టాల్సిందేనని చాటింపు వేయించాడు.

మావాళ్ళకి గుండె జారిపోయింది. అప్పటికే సరస్సు తీరు బాగాలేదు. కొంగలు వాలడం మానేశాయి. తెల్లవారితే నీటి మీద చిన్న చప్పుడైనా ఉండేది కాదు. పడవలో దగ్గితే, ఆవలి ఒడ్డున ఎవరో దగ్గినట్టు వినిపించేదట.

లోవమ్మ సభకి వెళ్ళింది. రాజుగారి వల లాగేవాడు ఆమె మరిది. ఒంటికన్ను వాలుగ ఒకటి రోజూ వలలో పడుతోందని అతను ఇంట్లో అన్నమాట ఆమె మనసులో ఉంది. అది బయటపెట్టకుండా, ప్రభువులు వదిలే చేపల తోకలకి గంగమ్మ పేర పసుపుదారం కట్టుకోనిమ్మని అడిగింది. ఆ తర్వాత రెండు రోజులు ప్రభువులు కోరిన చోటే వల వేయించమంది. దారం లేనివి ఎక్కువ పడితే తన గుడిసె తానే పీక్కుని ఊరు విడిచిపోతానంది. దారం ఉన్నవే ఎక్కువైతే చాటింపు వెనక్కి తీసుకోవాలంది. రాజు నవ్వి సరేనన్నాడు.

పాడ్యమినాడు నలభై చేపలకి దారాలు కట్టి వదిలారు. విదియనాడు తూర్పు కొసన వల వేస్తే ముప్పై ఎనిమిది పడ్డాయి. అన్నిటికీ పసుపుదారమే. రాజు తప్పంతా వల మీదికి నెట్టి కొత్త వల తెప్పించాడు.

తదియనాడు పడమటి కొసకి, మనిషి పోని చోటికి వెళ్ళారు. సన్నగా ముసురు పడుతోంది. వల పైకొస్తుంటే ఒక్క చేపా కొట్టుకోలేదట. మసక నీళ్ళలో ముందు పసుపుదారాలు కనబడ్డాయి, తర్వాత చేపలు. ఒంటికన్ను వాలుగ రాజు పాదాల దగ్గర పడి, ఆయనకేసే చూస్తూ ఉండిపోయింది. పడవవాళ్ళు చేతులు జోడించారు.

"ఏం క్షుద్రం చేశావే?" అన్నాడు రాజు, గొంతు తగ్గించి.

"నాకలాంటివి రావు ప్రభూ. కోట వాకిట్లో ఒకే భటుడు మీకు రోజూ దండం పెడతాడు కదా. నెల తిరిగేసరికి నాకు ముప్పైమంది భటులున్నారని సంబరపడతారా?"

రాజు చూపు మళ్ళీ ఒంటికన్ను వాలుగ మీదికి పోయింది.

"ఏలినవారు లెక్కపెట్టింది చేపల్ని కాదు, వాటి ఓపికని."

అంతలో వల అడుగున దారం లేని చేప ఒకటి కదిలింది. రాజుకి ప్రాణం లేచొచ్చింది. "ఇదిగో, దీనికి లేదు," అన్నాడు.

లోవమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి పొట్ట చూపించింది. "గుడ్లతో ఉంది బాబూ. ఆ నెల్లాళ్ళు మేము అడుగుతున్నది దీనికోసమే."

ఆ పొట్ట చూడగానే ఆయనకి తన పన్నెండు వందల లెక్క గుర్తొచ్చింది. తర్వాత తన మీద తనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు నీటి మీదుగా పోయి ఆవలి ఒడ్డునుంచి తిరిగొచ్చింది. రాజు చటుక్కున నోరు మూసుకున్నాడు. చాటింపు రద్దు చేశాడు, సన్నకన్ను వలలు కాల్చెయ్యమన్నాడు, భుజం మీది పట్టుశాలువా తీసి ఆమెకి కప్పాడు. ఆమె అది తడిపి, చేపని అందులో పొదివి, మెల్లగా నీళ్ళలో వదిలింది.

మర్నాడు ఉదయం మా ఇంటివాళ్ళు వలలు కడిగి దూలాలకి ఎక్కించారు. గంగమ్మకి దీపం పెట్టి, చింతచిగురు పప్పుతో అన్నాలకి కూర్చున్నారు. ఎక్కడో సరస్సులో చేప ఎగిరినట్టు ఒక్కసారి బుడుంగుమంది. ముద్దలు చేతుల్లోనే పట్టుకుని, రెండోది వినబడుతుందేమోనని అందరూ అలాగే కూర్చుండిపోయారట.