కాడికి అవతలి మెడ

అడవి అంచున పదిహేను పాకలుండేవి. ఆ పాకల్లోని పశువులకి మనుషుల్ని చూసి అంటుకున్న జబ్బు ఒకటుంది: బండలాగుడు పోటీ. కోతలై పొలాలు ఖాళీ పడగానే ఏటి ఇసుకలో బండ పెట్టి, జతలు జతలుగా కాడికి మెడ ఆనించి, ఎవరు ఎంత దూరం లాగారో చూసుకునేవి. వయసు పళ్ళని బట్టి తేల్చేవి. రెండు పళ్ళ జతలకో రోజు, నాలుగు పళ్ళ జతలకో రోజు.

పుల్లడు, సింగడు ఒకే కాన్పులో పుట్టిన ఎద్దులు. పుల్లడు ఘడియ ముందు పుట్టాడు కాబట్టి అన్న. తల్లి వారానికే పోతే, పక్క పాక గేదె పోలి పాలిచ్చి ఇద్దర్నీ బతికించింది. కాడికి పుల్లడు ఎడమ, సింగడు కుడి. మేతకి వెళ్ళినా, నీళ్ళకి వెళ్ళినా, పడుకున్నా అదే వరుస.

కిందటేడు ఏటవతలి జత వీళ్ళని జానెడు తేడాతో ఓడించింది. ఆ జానెడు సింగడి గొంతులో అడ్డం పడింది. పుల్లడు మాత్రం ఆ సాయంత్రమే తొట్టిలో తల పెట్టి కడుపు నిండా కుడితి తాగాడు.

"సిగ్గు లేదా అన్నా?"

"ఉందిరా. ఆకలి కూడా ఉంది."

ఈ ఏడు పోటీకి నలభై రోజులుందనగా దిగాడు నక్క జంబులు. మెడలో పూసల దండ, వీపున మోదుగాకు పొట్లాల మూట. తనని అందరూ మాస్టారు అనాలని తనే చెప్పుకున్నాడు.

"తమ్ముడూ సింగా, దేవుడు నీకు ఎముకల గూడు బాగానే కట్టాడు. కండ పెట్టడమే మరిచిపోయాడు. ఇదిగో కండపొడి. రోజుకో పొట్లం. నలభై రోజుల్లో ఏటవతలి వాళ్ళు నిన్ను చూసి పక్కకి తప్పుకోవాలి."

పోలి నెమరు ఆపింది. "ఇందులో ఏముంది నాయనా?"

"వేళ్ళూ ఆకులూ పెద్దమ్మా."

"ఉమ్మెత్త కూడా ఆకేగా. ఏ వేరు? ఏ ఆకు?"

"అది మా వంశ రహస్యం."

"మీ వంశంలో ఎవరికీ కండ లేదేం మరి? నీ పక్కటెముకలు ఇక్కణ్ణించే కనపడుతున్నాయి. నువ్వు తింటున్నావా?"

"నేనేమన్నా బండ లాగాలా?"

"అదీ మాట." పోలి సింగడి వైపు తిరిగింది. "గడ్డి, తవుడు, ఉలవలు, చాకిరీ, నిద్ర. వీటితో వచ్చిన కండ ఎక్కణ్ణించి వచ్చిందో నీకు తెలుస్తుంది. పేరు చెప్పని సరుకు నోట్లో పెట్టుకోకు. కాడి కింద ఉండేది నీ మెడ ఒక్కటే కాదురా."

"ముసలాళ్ళకి ఏదీ గిట్టదు" అని నవ్వాడు నక్క. "నాకేమీ ఇవ్వొద్దు తమ్ముడూ. గెలిచిన రోజు నలుగురిలో నా పేరు చెప్పు, చాలు."

ఏమీ అడగనివాణ్ణి చూస్తే కథ చెబుతున్న నాకైతే అనుమానం. సింగడికి గౌరవం. మొదటి పొట్లం అక్కడే మింగాడు.

ఇరవై రోజులకి వాడి మూపురం కుండలా లేచింది. భుజాలు ఉబ్బాయి. కాకులు పనిగట్టుకుని వచ్చి పాక కప్పు మీద కూర్చుని పొగిడిపోయేవి. కాకులకి కనపడనివి వేరే ఉన్నాయి. తోలు కింద కురుపులు. ఎన్ని నీళ్ళు తాగినా ఆరని దాహం. కునుకు పట్టేలోపు గుండె దడదడలాడి లేచి నిలబడటం. ఈగ వాలినా కొమ్ము విసరడం. ఒకనాడు పోలి పలకరించబోతే "నీ పని చూసుకో ముసలీ" అన్నాడు. ఎవరి పాలు తాగి బతికాడో ఆవిడనే!

అసలు తంటా సాధనలో వచ్చింది. కుడివైపు బలం పెరిగింది, ఎడమవైపు పెరగలేదు. కాడి కుడికొస ముందుకి ఉరికేది, ఎడమకొస వెనకబడేది. బండ తిన్నగా రాకుండా పక్కకి తిరిగిపోయేది. అలాంటి బండ పోటీలో పది బారలు కూడా సాగదు.

"ఈసారి నన్ను ఓడించేది ఏటవతలి వాళ్ళు కాదు, నువ్వే" అన్నాడు సింగడు. "నీతో కాడి కట్టడం నా ఖర్మ."

పుల్లడు మెడ మీద ఒరుసుకుపోయిన చోట ముసిరిన ఈగల్ని తోలుకున్నాడు. 

మర్నాడు ఒంటరిగా వాగు దగ్గరికి వెళ్ళి నక్కని కలిశాడు.

"మాస్టారూ, పోటీకి ఇంకా పన్నెండు రోజులుంది. తమ్ముణ్ణి అందుకోవాలి. ఎంత తినాలి?"

"వాడు రోజుకొకటి. నువ్వు ఆలస్యంగా మేలుకున్నావు. మూడు తిను."

"మూడా? ఏమీ కాదుగా?"

"ఆకులే కదయ్యా!"

"నాకు గెలవాలని అంత ఆశ లేదు మాస్టారూ. కాడి వంగకుండా ఉంటే చాలు. వాడికి మాత్రం చెప్పకండి. తన మాటకి నేను నొచ్చుకున్నానని బాధపడతాడు."

నక్క మూట విప్పాడు.

వారం తిరిగేసరికి కాడి తిన్నగా నిలిచింది. బండ గీత గీసినట్టు వచ్చింది. "చూశావా, తిడితేగాని కదలవు" అని సింగడు నవ్వాడు. పుల్లడు కూడా నవ్వాడు.

పోలి నవ్వలేదు. "పుల్లా, మూత్రం కషాయంలా పోస్తున్నావు. కాళ్ళు వాచాయి. ఏం తింటున్నావు?"

"ఎండ దెబ్బ అత్తా."

"మేత మానెయ్యమని కూడా ఎండే చెప్పిందా?"

పుల్లడు తల దించాడు. "పోటీ అయిపోనీ అత్తా. మర్నాటి నుంచి మానేస్తాను."

పోలి పరుగున సింగడి దగ్గరికి వెళ్ళింది. "ఒరేయ్, మీ అన్న..."

"మళ్ళీ మొదలుపెట్టావా? పోటీ ముందు నా చెవిలో అపశకునాలు ఊదకు" అని సింగడు అవతలికి తిరిగాడు. ముఖం చూస్తూ చెప్పాల్సిన మాటని వీపుకి చెప్పలేక ఆవిడ వెనక్కి వచ్చింది.

పోటీ నాడు ఏటి ఇసుక మాడుతోంది. ఇక లాగమని గాడిద ఓండ్ర పెట్టింది. అన్నదమ్ములు కదిలారు. కాడి అంగుళం కూడా ఒరగలేదు. ఏటవతలి జత ఆగిన గీత దాటారు. దాని మీద మరో పది బారలు లాగారు. పాకలన్నీ లేచి అరిచాయి. సింగడు మోర ఎత్తి, ఊపిరంతా కూడగట్టి కేక వేశాడు.

"జంబులు మాస్టారి కండపొడి! అందరూ వినండి! జంబులు మాస్టారి కండపొడి!"

ఆ కేక సగంలో ఉండగా కాడి ఎడమకి బరువెక్కింది. అన్న మళ్ళీ వెనకబడ్డాడని విసుగ్గా తిరిగి చూశాడు. పుల్లడు మోకాళ్ళ మీద ఉన్నాడు. నోట నురగ.

"అన్నా! లే. గెలిచాం, లే!"

"కాడి... వంగలేదుగా?"

"లేదన్నా. తిన్నగా ఉంది."

ఆ మాట విన్నాడో లేదో. పుల్లడి తల ఇసుకలో ఆనింది. మెడ మాత్రం కాడి కిందే ఉండిపోయింది.

మర్నాడు పాకలో పోలి ఎడమవైపు గడ్డి తొలగించి చూపించింది. దాని కింద ముప్పై ఆరు మోదుగాకులు, శుభ్రంగా నాకినవి. సింగడు ఒక్కొక్కటీ వాసన చూశాడు. తర్వాత వాగు దగ్గరికి ఉరికాడు. అక్కడ నక్క చుట్టూ కోడెలు గుమిగూడి ఉన్నాయి.

"మా అన్నని చంపావు!"

"నేనా? రోజుకొకటి అని నీకు చెప్పానా లేదా? అతను ఆశకొద్దీ మూడు మింగితే తప్పు పొడిదా?"

"నీ పొడి విషం. ఇందరి ముందు చెబుతున్నాను."

నక్క గొంతు మెత్తబడింది. "నిన్న ఇందరి ముందే ఇంకో మాట చెప్పావు తమ్ముడూ. ఇంతకంటే గట్టిగా చెప్పావు."

పొడి కోసం వచ్చిన కోడె ఒకటి అంది, "మీరు తిని గెలిచారుగా అన్నా. మమ్మల్ని వద్దంటావేం?"

సింగడు పదిహేను పాకలూ తిరిగాడు. కురుపులు చూపించాడు, దడ చెప్పాడు, ఆకులు పరిచాడు. అందరూ జాలిగా విన్నారు. విని, వాడి మూపురం వంక చూశారు.

ఆ తర్వాత సింగడు కాడి ఎత్తలేదు. ఇప్పటికీ తొట్టి దగ్గర కుడివైపే నిలబడతాడు. సగం కుడితి తాగి, ఎడమవైపు సగం అలాగే వదిలేస్తాడు. పోలి వచ్చి తొట్టి కడిగి పోతుంది.

పేరు చెప్పని పొడి మింగే ముందు, నీతో పాటు కాడి మోస్తున్న మెడ ఎవరిదో ఒకసారి తిరిగి చూసుకో.