గుండ్లబస్తీ జత మైసమ్మ

నగరంలో రైలు పట్టాల వెనుక, నీళ్ళ ట్యాంకు గోడను ఆనుకుని గుండ్లబస్తీ జత మైసమ్మ గుడి ఉన్నది. గోపురం లేదు, ప్రాకారం లేదు. రేకుల కప్పు, సిమెంటు గద్దె, అంతే. అయినా ఆషాఢంలో ఇక్కడ కాలు పెట్టే సందుండదు.

పూర్వం ఇక్కడ మైసమ్మ ఒంటరిగా వెలసి ఉండేది. బస్తీలో ఈదమ్మ, బాలకిష్టమ్మ అనే స్నేహితురాళ్ళు ఇటుకలు మోసే కూలికి పోయేవారు. ఒకరి తట్ట ఒకరు ఎత్తేవారు. ఒక ఇంట పొయ్యి వెలగకపోతే రెండో ఇంటి గంజి ఇద్దరిదీ. ఏ కష్టమొచ్చినా ఒకరికొకరు చెప్పుకునేవారే గాని, అమ్మ గద్దె దగ్గర ఆగింది లేదు. తల్లికి ఒళ్ళు మండింది. దేవతైతే మాత్రం అసూయ ఉండదా?

ఆ ఏడు ఈదమ్మ కూతురికి విడువని జ్వరం పట్టుకున్నది. మైసమ్మ కలలోకి వచ్చి, "దాని సోపతి ఇడువు. నువ్వొక్కదానివే నాకు బోనం తే. పిల్లను బతికిస్త" అన్నది. ఈదమ్మ ఆ మాట ఎవరికీ చెప్పక, మర్నాటి నుంచి స్నేహితురాలిని చూసి మొహం తిప్పుకున్నది. కారణం తెలియని బాలకిష్టమ్మ కుమిలిపోయింది. తనను కాదని ఈదమ్మ గద్దె చుట్టూ తిరుగుతున్నదని మైసమ్మ మీదే కుళ్ళుకున్నది.

పండుగనాడు ఈదమ్మ బోనం నింపింది. నిండుకుండను ఎవరూ తమ నెత్తికి తామే ఎత్తుకోలేరు. ఆ సంగతి అమ్మకు కూడా తోచలేదు. మోకాలి దాకా ఎత్తడం, దించడం. లోపల పిల్ల మూలుగు. చూడలేక బాలకిష్టమ్మ చెయ్యి వేయబోయింది.

"ముట్టకే! నువ్వు ముడితే నా పిల్ల దక్కది" అంటూ ఈదమ్మ ఏడ్చి కల సంగతి చెప్పింది.

బాలకిష్టమ్మ తన పొయ్యిరాళ్ళలో ఒకటి పెరికి తెచ్చి గద్దె మీద మైసమ్మ పక్కన కుదేసింది.

"నీకు జత లేకనే గద తల్లీ, మా మీద గీ కుళ్ళు? ఇగో, నీక్కూడ జత దొరికింది. ఇగ పిల్లను సల్లగ సూడు!"

తరువాత ఇద్దరూ కలిసి బోనం ఎత్తారు. పొద్దుగూకే వేళకు పిల్లకు చెమట పట్టి, జ్వరం దిగింది. లేచి అంబలి అడిగింది.

మసి పట్టిన ఆ రాయి నేటికీ అమ్మ పక్కనే ఉన్నది. మరొకరి చెయ్యి పడని బోనం ఈ గుడిలో చెల్లదు. తోడు లేని స్త్రీ తన గడపలో నిలబడి "జత రావమ్మా" అని పిలవాలి. విన్నవారు, ఎంత పగ ఉన్నా, వచ్చి ఎత్తాలి. అత్త పిలిస్తే కోడలు వచ్చింది, సవతి పిలిస్తే సవతి వచ్చింది. పిలిచి, ఎవరూ రాక, కుండ ముందు కూలబడిన ఆడది ఈ బస్తీలో ఇంతవరకు లేదు.