కోళ్ళ గంపల కట్ట

అనగా అనగా అనగనగా, వేసవిలో కుక్కపిల్లలా కాళ్ళ దగ్గర తిరిగే వాగొకటి ఉండేదర్రా. వానలొచ్చాయంటే మాత్రం మదమెక్కిన ఏనుగే. ఆ వాగు పక్కన రెండు ఊళ్ళు. మెరక మీద ఎగువపాలెం, పల్లంలో దిగువపాలెం. వాగు నీళ్ళు దిగువపాలెం మీద పడకుండా పొడుగ్గా ఓ మట్టికట్ట.

ఊ కొడుతున్నారా? ఏమే రూహీ, పొద్దున మన బహాయి ధర్మం పిల్లల క్లాసులో అడిగావటగా, దేవుడికి దగ్గరవ్వాలంటే అడవికెళ్ళి తపస్సు చెయ్యాలా అని? మీ టీచరు చెప్పిందిలే, నేనూ చెబుతాను. ఆ అడిగినందుకే ఈ కథ. సుధీరూ, దుప్పటి మొత్తం నువ్వే లాక్కోకు, చెల్లికీ ఇయ్యి.

ఆ దిగువపాలెంలో వెదురు పని చేసుకునే మేదరి వాళ్ళ ఇల్లొకటి. ఆ ఇంట్లో తిరపతమ్మ అని ఒక అత్త, గురవయ్య అని ఆమె కొడుకు, నాంచారి అని కొత్త కోడలు. తిరపతమ్మ నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది. ఆవిడ అల్లిన చేటలో నూకలు చెరిగితే ఒక్క రాయి మిగలదని పేరు. నాంచారి అయితే పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, నాలుగు మాటలు ప్రార్థన చేసుకుని, వెదురు ముందు కూర్చునేది. పాట పాడుతూ బద్దలు చీల్చేది. ఏ బుట్ట అల్లినా, ఇది ఎవరింటికి పోతుందో, ఇందులో ఏ తల్లి కూరగాయలు పెట్టుకుంటుందో అనుకుంటూ అల్లేది. సాయంత్రం పని ముగించాక ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, ఈ రోజు నా వల్ల ఎవరికి మేలైంది, ఎవరి మనసు నొచ్చుకుంది అని తనను తానే అడిగి చూసుకునేది. అంతే. ఆ పిల్ల పూజంతా అంతే.

ఎగువపాలెం వాళ్ళు ఈ బుట్టలు కొనుక్కునేవాళ్ళు. కానీ దిగువపాలెం చేతి మంచినీళ్ళు మాత్రం ముట్టేవాళ్ళు కాదు. బుట్టకి లేని అంటు చేతికుందట! చూశారా తెలివి?

సరే, ఆ రాజ్యాన్ని ఏలే రాజుగారికి అన్నీ ఉన్నాయి. ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, పొద్దున లేపడానికి పాటగాళ్ళున్నారు. లేచాక ఈ రోజెందుకు లేచానురా అనిపించేదట పాపం. నిండుగా బతికే మనిషిని ఒక్కణ్ణి చూడాలి, ఆ కిటుకేదో నేర్చుకోవాలి అనుకున్నాడు. అనుకుని ఊరూరా దండోరా వేయించాడు. కార్తీక పున్నమి నాడు వాగు ఊళ్ళకి వస్తాను, అందరికన్నా భక్తి గలవాళ్ళెవరో వాళ్ళని నా పల్లకీలో ఎక్కించి, నేను పక్కన నడుస్తాను అని.

ఇంకేముంది! రెండు ఊళ్ళకీ పిచ్చెక్కింది. కమ్మరి చింతకొమ్మకి తలకిందులుగా వేళ్ళాడాడు. కుమ్మరి ఒంటికాలి మీద నిలబడ్డాడు, ఏ కాలో మర్చిపోయి రెండుసార్లు పడ్డాడు. ఎగువపాలెం పెద్ద వీరభద్రయ్యగారు మౌనవ్రతం పట్టాడు. ఆయన మాట్లాడకపోవడం వాళ్ళావిడకి మహా సుఖంగా ఉందని చెప్పుకున్నార్లే.

మరి ఊళ్ళో పని? కమ్మరి దిగిరాడు కాబట్టి కొడవలికి పదును లేదు. కొడవలికి పదును లేదు కాబట్టి గడ్డి కోత లేదు. గడ్డి కోత లేదు కాబట్టి గేదెకి మేత లేదు. గేదెకి మేత లేదు కాబట్టి గిన్నెలో పాలు లేవు. గిన్నెలో పాలు లేవు కాబట్టి పాప ఏడుపు ఆపదు. పాప ఏడుపు ఆపదు కాబట్టి కొమ్మ మీదున్న కమ్మరికి జపం కుదరదు! ఆ పాప కమ్మరి కూతురేనర్రా!

నవ్వకండి, నవ్వకండి. తిరపతమ్మ కూడా కొడుకుని తపస్సుకి కూర్చోబెట్టింది. నువ్వూ కూర్చోవే, బుట్టలల్లితే పల్లకీ వస్తుందా అని కోడల్ని కసిరింది. నాంచారి ఏమందో తెలుసా?

"కూర్చునే ఉన్నాను కదత్తా. దేవుణ్ణి తలుచుకుంటూ ఇంకొకళ్ళకి పనికొచ్చేది చేస్తున్నాను. నాకిందులో సంతోషంగా ఉంది. పల్లకీ ఎక్కితే ఇంతకన్నా ఏమొస్తుంది?"

తిరపతమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. పున్నమి దాటాక సంతలో అమ్మాలని నాంచారి కోళ్ళ గంపలు అల్లుతూనే ఉంది. చూశారుగా, కోడిపిల్లల మీద బోర్లించే పెద్ద గంపలు, అవి. ఒకటి, రెండు, పది, ఇరవై. వసారా నిండిపోయింది.

అంతలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు తెరిపి లేని వాన. నాలుగో రోజు పొద్దున వాన తగ్గింది గానీ వాగు నిండా ఎర్రనీళ్ళు. కట్ట దగ్గర ఒక చప్పుడు మొదలైంది. గుడ గుడ, గుడ గుడ. అదిగో దెయ్యం అన్నారు. ఎప్పుడో వాగులో పడి చచ్చిపోయిన ఆవిడ ఆకలేసి ఏడుస్తోందన్నారు. ఒకళ్ళు విన్నామంటే ఇంకొకళ్ళు చూశామన్నారు. జుట్టు ఇంత పొడుగుందని మూడో ఆయన చేత్తో కొలిచి చూపించాడు. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు మాత్రం ఒక్కళ్ళు లేరు.

సుధీరూ, ఎవరో చెప్పారని నమ్మేస్తావా, నువ్వెళ్ళి చూస్తావా? ఆఁ, చూస్తావు. టార్చిలైటుతోనా? సరే పోనీ.

నాంచారి చూద్దామని బయలుదేరింది. భయం లేక కాదు, దేవుణ్ణి తలుచుకుంటూనే నడిచింది. కట్ట దిగి, చెవి పెట్టి వింది. పొదలు పక్కకి తీసి చూసింది. దెయ్యమూ లేదు, జుట్టూ లేదు. కట్ట అడుగున పీత బొరియలోంచి నీళ్ళు కారుతున్నాయి. గుడ గుడ, గుడ గుడ. చూస్తుండగానే ఇంత మట్టిపెళ్ళ ఊడి పడింది. నాంచారి దెయ్యమే అయితే బాగుండేది అనుకుందట.

ఒకటే పరుగు. కట్ట తెగుతోంది, రండి రండి అని ఇంటింటికీ అరిచింది. ఎవరు కదులుతారు? ఒకాయన జపం సగంలో ఉందన్నాడు. ఇంకొకాయన కన్ను తెరిస్తే ఫలం పోతుందన్నాడు. తిరపతమ్మ గుమ్మంలో నిలబడి, ఊరుకోవే, ఊరందరి వ్రతాలూ చెడగొట్టి శాపం తెస్తావా అంది. నాంచారి అత్త చెయ్యి పట్టుకుని కట్ట దాకా లాక్కుపోయి, ఆ చెయ్యి తీసుకెళ్ళి కారుతున్న నీళ్ళలో పెట్టింది.

తిరపతమ్మ అరచెయ్యి నిండా మట్టి. కట్ట లోపలి మట్టి కరిగి వచ్చేస్తోంది. ఆవిడ ఒక్క క్షణం ఆ చేతిని చూసుకుంది. తర్వాత అరిచిందమ్మా ఒక అరుపు! ఊరు ఊరంతా ఎగిరి పడింది. కొమ్మ మీద కమ్మరి నిజంగానే కింద పడ్డాడు.

"లేవండిరా! కళ్ళు మూసుకున్నది చాలు! నా కోడలు తెరిచి చూసింది కాబట్టి మీ పిల్లలింకా బతికున్నారు!"

నా కోడలు అంది. పెళ్ళైన ఏడాదిలో ఆ మాట అనడం అదే మొదలు.

దిగువపాలెం లేచింది. కానీ ఆ గండికి వీళ్ళ చేతులు చాలవు. నాంచారి ఎగువపాలెం ఎక్కింది. అక్కడ వాళ్ళకేం, మెరక మీదున్నారు, మునిగేది వాళ్ళు కాదుగా. వీరభద్రయ్యగారు అరుగు మీద మూతి బిగించుకుని కూర్చున్నాడు. నాంచారి రొప్పుతూ నిలబడింది.

"అయ్యగారూ, మీరు దేవుడి కోసం నోరు కట్టుకున్నారు. ఆ దేవుడి పిల్లలు కిందనున్నారు. కట్ట తెగుతోంది. రేపు ఆయన అడిగితే, మాట్లాడకూడదని ఊరుకున్నానని చెబుతారా?"

ఆయన ఆ పిల్ల వైపు చూశాడు. కింద వాగు వైపు చూశాడు. నలభై రోజులు మూసుకున్న నోరు తెరిచి ఒక్క మాటన్నాడు.

"పదండి."

ఎగువపాలెం దిగొచ్చింది. వచ్చిందా, అందరూ ఒక్కసారే అరవడం! మట్టి పొయ్యమని ఒకడు, రాళ్ళు వెయ్యమని ఒకడు. నాంచారి చేతులు పైకెత్తి, ఒక్కొక్కళ్ళూ చెప్పండి, మిగతావాళ్ళు వినండి, ఎవరి మాట నెగ్గిందని కాదు, ఏ మాట పనికొస్తుందో చూద్దాం అంది. మన బహాయి వాళ్ళు నెలనెలా కూర్చుని మాట్లాడుకుంటారే, అలా. మట్టి పోశారు, కొట్టుకుపోయింది. వీరభద్రయ్యగారు రాళ్ళన్నాడు. వేశారు, దొర్లిపోయాయి. ఆయన చిన్నబుచ్చుకోకుండా, నాది కుదర్లేదు, ఇంకొకళ్ళు చెప్పండి అన్నాడు. అలా అనడం తపస్సుకన్నా కష్టమర్రా, పెద్దయ్యాక తెలుస్తుంది మీకు.

అప్పుడు తిరపతమ్మ నెమ్మదిగా, కోళ్ళ గంపల్లో పోస్తేనో, అంది. విడి రాయి దొర్లిపోతుంది, గంపలో రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కదా అంది.

అంతే! వసారాలో గంపలన్నీ వచ్చాయి. రాళ్ళు నింపు, మూతి కుట్టు, చేతికందించు. చేతి నుంచి చేతికి, చేతి నుంచి చేతికి. ఎగువ చెయ్యి, దిగువ చెయ్యి, ఎగువ చెయ్యి, దిగువ చెయ్యి. గురవయ్య నడుముకి తాడు కట్టుకుని నీళ్ళలో దిగి గంపలు పేర్చాడు. అతని తాడు వీరభద్రయ్యగారు పట్టుకున్నాడు. నాంచారి పాటెత్తుకుంటే రెండు ఊళ్ళూ అందుకున్నాయి. వీరభద్రయ్యగారి భార్య దాహమేసి, పక్కన ఎవరి కుండో చూసుకోకుండా గటగటా తాగేసింది. తాగాక చూసుకుంది. దిగువపాలెం కుండ. అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. ఆవిడ మూతి తుడుచుకుని, ఇంత చల్లటి నీళ్ళు ఇన్నాళ్ళూ తాగకుండా పోయానే అని నవ్వేసింది.

ఊ... ఊ... అంటూనే ఉన్నారు, బాగుంది.

మధ్యాహ్నానికి రాజుగారు రానే వచ్చాడు. ఆ రోజే పున్నమి మరి! అరుగుల మీద భక్తులు లేరు. కొమ్మకి కమ్మరి లేడు. కట్ట మీద బురదలో మనుషులు పాడుతున్నారు. వీరభద్రయ్యగారు తాడు వదలకుండానే దండం పెట్టి, ఏలినవారు క్షమించాలి, మా వ్రతాలన్నీ చెడిపోయాయి అన్నాడు. సరిగ్గా అప్పుడే పైవరస గంపలు కదలడం మొదలెట్టాయి. వాటికి ఆసరాగా పొడుగాటి గుంజలు పాతాలి. ఊళ్ళో ఉన్న గుంజలన్నీ అయిపోయాయి. నాంచారి అటూ ఇటూ చూసింది. బంగారు రేకు తొడిగిన పల్లకీ బొంగులు కనిపించాయి.

"రాజుగారూ, ఆ బొంగులు ఇప్పించండి."

బోయీలు బిత్తరపోయారు. రాజుగారు, పల్లకీ విప్పండి అన్నాడు. తలపాగా తీసి పక్కన పెట్టి, ఒక బొంగు తనే భుజానికెత్తుకుని వరసలో నిలబడ్డాడు. పొద్దు వాలేలోపు గండి మూసుకుంది. ఒక్క చుక్క కారితే ఒట్టు. ఒక్క గుడిసె పోలేదు, ఒక్క మేకపిల్ల పోలేదు!

రాజుగారు కట్ట మీద చతికిలపడి, మట్టిచేతులతోనే అంబలి తాగి, పకపకా నవ్వాడట. ఇన్నేళ్ళకి ఈ పూట ఎందుకు బతికానో తెలిసింది అన్నాడట. ఎవరు మీలో గొప్ప భక్తులు, చెప్పండి అని అడిగాడు.

తిరపతమ్మ అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది. ముసలావిడ నడుం ఎప్పుడూ వంగే ఉండేదా, అప్పుడు మాత్రం నిటారుగా నిలబడింది.

"ఇదిగోనండి. మా కోడలు నాంచారి. దీని చేతిలో బుట్టా, నోట్లో దేవుడి పేరూ ఒక్క రోజూ విడిగా లేవు. దీన్ని తిట్టింది నేనే. ఇది నాదని చెప్పుకునేదీ నేనే!"

నాంచారి సిగ్గుపడి, ఒక్క బద్దతో బుట్ట అవుతుందా రాజుగారూ, ఇందరం అల్లుకుంటేనే కదా నిలిచింది అంది. ఏం కావాలో కోరుకోమన్నాడు రాజుగారు. రెండు ఊళ్ళ పిల్లలకీ ఒకే బడి కావాలి, చోటు చాలకపోతే ముందు ఆడపిల్లల్ని కూర్చోబెట్టాలి, వాళ్ళు నేర్చుకుంటే ఇంటిల్లిపాదికీ నేర్పుతారు అంది. రాజుగారు ఆ పూటే ఒప్పుకున్నాడు. నలుగురికి పనికొచ్చేలా ఎలా బతకాలో నేర్చుకోవడానికి నేనూ వస్తాను, ఒక మూల చాప వేసి ఉంచమన్నాడు. ఏడాదికోసారి వచ్చేవాడట కూడా, బుట్ట అల్లడం నేర్చుకున్నాడట. వంకర బుట్టేలే.

ఆ తర్వాత కొన్నేళ్ళకి బాటసారి ఒకడు ఆ దారిన పోతూ, ఇంత గట్టి కట్ట కట్టింది ఎగువపాలెం వాళ్ళా, దిగువపాలెం వాళ్ళా అని గట్టు మీద ఆడుకుంటున్న ఒక పిల్లని అడిగాడు. ఆ పిల్లకి ప్రశ్నే అర్థం కాలేదు. ఎగువేంటి, దిగువేంటి అని కాసేపు ఆలోచించింది. ఆలోచించి, గుండె మీద చెయ్యేసుకుని,

"మనమే కట్టుకున్నాం!" అంది.

మేము అనలేదర్రా. మనం అంది. బాటసారిని కూడా కలిపేసుకుని మరీ అంది.

అదీ సంగతి. రూహీ, అడవికి పోనక్కర్లేదే తల్లీ. చేసే పని ఎవరికైనా మేలు చేస్తే, మనసులో ఆయన్ని తలుచుకుంటూ చేస్తే, అదీ ఆరాధనే అని మన ధర్మం చెబుతుంది. నేను ముప్పై ఏళ్ళు బళ్ళో వంట చేశాను, ఒక్క రోజూ చిన్నతనం అనిపించలేదు. వెయ్యిమంది పిల్లలు నా చేతి పప్పు తిని పెద్దవాళ్ళయ్యారు. గర్వం కాదా అంటావా? ఉండనీ, ఆ మాత్రం ఉంటే దేవుడేమీ అనుకోడులే.

ఇక చాలు. కథేమో కాళ్ళు కడుక్కుని కంచికి బయలుదేరింది, మనం దుప్పట్లో దూరదాం. సుధీరూ... ఊ కొట్టడం లేదే? పడుకున్నాడు వెధవ, ఆ దుప్పటంతా మళ్ళీ వాడి మీదే.