నాలుగూ మొండే

తిరుపాలుకి వచ్చిన కష్టం మామూలు కష్టం కాదు. లావుపాటి ఇంగ్లీషు గైడు ఒకటి మొత్తం మింగేశాడు. అందులో విశేషణాల భాగమైతే తలకిందులుగా వేలాడదీసి అడిగినా చెప్పేవాడు. వాడు గట్టిగా వల్లె వేస్తుంటే గిద్దలూరు రైలుకట్ట పక్కన మేసే బర్రెలు కూడా అర్థమైనట్టు తలాడించేవి. ఇంత చేసినా, హైదరాబాదులో ఇంగ్లీషు కాలేజీ ప్రవేశ పరీక్ష రాయడం, తప్పడం. మళ్లీ రాయడం, మళ్లీ తప్పడం.

ఈసారీ పోతే క్వారీలో రాళ్లు కొట్టడానికి రమ్మని వాళ్ల నాయన తేల్చి చెప్పేశాడు. "మొండోడు, ఎవరు చెప్పినా వినడు" అని వీధి వీధంతా అంటోంది.

అట్లాంటివాడు ఒక పొద్దున దస్తగిరి సారు ఇంటికొచ్చాడు. నేను అరుగు మీదే ఉన్నా. నేను లేకుండా ఆ ఊళ్లో ఏం జరిగింది గనక. దస్తగిరి సారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయినాయన. ఆయన నోరు తెరిచి ఇంగ్లీషు మాట్లాడితే రేడియోలో వార్తలు చదివేవాళ్లు ఆపి గొంతు సవరించుకునేవాళ్లు. అంత ఇంగ్లీషు వచ్చినాయన రోజుకి గుప్పెడు మాటలే మాట్లాడతాడు. అవీ తెలుగులోనే.

"సార్, ప్రశ్నే తప్పు," అన్నాడు తిరుపాలు, కిందటేడు పేపరు చూపిస్తూ. "ఖాళీలో సరైన మాట పెట్టమని నాలుగు జవాబులిచ్చారు. అబ్‌స్టినేట్ అంటే మొండి. టెనేషియస్ అన్నా మొండే. అడమెంట్ మొండి. ఇంట్రాన్సిజెంట్ కూడా మొండే. నాలుగూ ఒకటైనప్పుడు దేనికని టిక్కు పెట్టాలి?"

"అట్లని ఎవరు చెప్పినారు?"

"గైడులో ఉంది సార్. అక్షరం పోకుండా అప్పజెప్తా."

"పోదులే. నువ్వు పోనియ్యవు."

సారు లేచి పెరట్లోకి నడిచాడు. వెనకాలే మేమిద్దరం. కొట్టుగది ముందు ఆగి, "ఈ తలుపు తెరువు నాయనా. పగలగొట్టగాకు," అని చెప్పి తిరిగి అరుగు మీదికి పోయాడు.

ఆ తలుపు సంగతి నన్నడగండి. తుపాను వానలకి నీళ్లు తాగి, ఉబ్బి, ద్వారబంధంలో ఇరుక్కుపోయిన టేకు తలుపు. దుర్యోధనుడి వేషంలో నేను గద నేలకేసి కొడితే పక్క ఊళ్లో కుక్కలు మొరిగేవి. అంతటి నేనే ఒకనాడు భుజం ఆనించి నెడితే తలుపు కదల్లేదు గానీ, గోడ జానెడు వెనక్కి జరిగింది.

"పరీక్ష ముందు పెట్టుకుని ఈ తలుపులేంది," అని గొణుగుతూ తిరుపాలు నెట్టాడు. తన్నాడు. కదల్లేదు.

"ఒరే, అది నాకే లొంగలేదు. పోయి చదువుకోపో," అన్నా.

"మీరు జరిపిన గోడని ముందు దాని చోట పెట్టండి పెద్దాయనా. తర్వాత నాకు చెబుదురు."

తలుపుని కిందినుంచి పైదాకా చూశాడు. గడప కింద పేరుకున్న మట్టిని పుల్లతో గీకాడు. మడతబందుల్లో కిరసనాయిలు పోశాడు. తలుపు అడుగున వేళ్లు దూర్చి, పైకెత్తి, కొంచెం ఇటు, కొంచెం అటు ఊపడం మొదలుపెట్టాడు. ఎండ నెత్తికెక్కింది. వేళ్ల మీద తోలు లేచింది. విసుగెత్తి వీధి గుమ్మం దాకా పోయాడు. అక్కడ నిలబడి, మళ్లీ వెనక్కొచ్చాడు. నేను నోరు మూసుకుని చూస్తున్నా. మిగతావన్నీ నమ్మి, ఈ ఒక్క మాటే ఊళ్లో ఎవరూ నమ్మరు.

సారు మధ్యాహ్నం నమాజుకి లేవబోతుండగా తలుపులోంచి ఒక మూలుగు వచ్చింది. స్టేషనులో ఆగిన గూడ్సు బండి ఉలిక్కిపడి రెండు గజాలు ముందుకెళ్లింది. తలుపు తెరుచుకుంది.

సారు వచ్చాడు. గదిలోకి తొంగి కూడా చూడలేదు.

"తలుపు ఎట్లాంటిది?"

"అబ్‌స్టినేట్ సార్," తడుముకోలేదు తిరుపాలు.

"తెరిచినోడు?"

వాడు అదే మాట అనబోయాడు. గైడు ప్రకారం అనొచ్చు కూడా. తెరిచిన నోరు మూశాడు. తలుపుకేసి చూశాడు. తోలు లేచిన వేళ్లకేసి చూసుకున్నాడు.

"టెనేషియస్," అన్నాడు చివరికి, చాలా మెల్లగా. ఇంతకాలం వీధి పిలిచిన పేరు ఎవరో మీదినుంచి తీసేసినట్టు, వాడి భుజాలు కాస్త లేచాయి.

దస్తగిరి సారు తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"గైడు రాసినాయన ఏనాడూ తలుపు నెట్టి ఉండడులే," అని మసీదు వైపు నడిచాడు.