పరిష్వంగానికి మహర్షి చెప్పిన అర్థం

మా అత్తగారు మడి కట్టుకున్నారంటే గాలి కూడా ఆవిడను అడిగి వీయాలి. మనవడు "నానమ్మా" అంటూ పరుగెత్తుకొస్తే గరిటె అడ్డం పెడతారు. ఆ గరిటెను చూసినప్పుడల్లా నాకు వాగ్వ్రత మహర్షి గుర్తుకొస్తాడు.

పూర్వం కృతయుగంలో, హిరణ్వతీ నదీతీరాన, మహాతపస్వి అయిన వాగ్వ్రతుడు చిరకాలం తపమాచరించి, వీణాపాణి అయిన భారతీదేవిని మెప్పించి, తాను ఏ మాటకు ఏ అర్థం నిర్ణయిస్తే లోకం ఆ ప్రకారమే నడిచేలా వరం పొంది, శిష్యులు వింటుండగా ఒక్కొక్క మాటకూ అర్థం చెప్పుకుంటూ 'పరిష్వంగం' దాకా, అంటే మన కౌగిలింత దాకా, వచ్చాడు. సరిగ్గా అప్పుడే, ఏళ్ల తరబడి గురుకులవాసం చేసి తిరిగొచ్చిన ఏకైక కుమారుడు మేధావనుడు "నాన్నగారూ" అంటూ చేతులు చాచి పరుగెత్తుకొచ్చాడు. హోమం కోసం మడి కట్టుకుని ఉన్న మహర్షి గబగబా వెనక్కి జరిగి, "పరిష్వంగమనగా ఎడంగా నిలిచి చేతులు జోడించుటయే" అని శాసించాడు.

అంతే. చెట్లను అల్లుకున్న తీగలు జారిపోయాయి. కైలాసంలో అర్ధనారీశ్వర రూపం రెండుగా విడిపోయి, పార్వతీ పరమేశ్వరులు ఒకరికొకరు నమస్కారాలు పెట్టుకుంటూ నిలబడ్డారు. హిరణ్వతిని పొదివి పట్టుకున్న గట్లు రెండూ చెరో వైపు తొలగిపోగా, నది ఆశ్రమం మీదికి పొంగి మేధావనుణ్ణి లాక్కుపోసాగింది.

మహర్షి ప్రవాహంలోకి దూకి కొడుకును పట్టుకోబోయాడు. చాచిన చేతులు వాటంతటవే జోడించుకుపోయాయి.

పరుగున వచ్చిన ధర్మపత్ని కుశావతి చేతులదీ అదే గతి. "బాగుంది, పిల్లాడు మునిగిపోతుంటే దణ్ణం పెడుతున్నారు. మీ లెక్కన అదే కదా కౌగిలింత" అంది.

"తల్లీ భారతీ, కాపాడు" అని మహర్షి ఎలుగెత్తగా, హంసవాహన ప్రత్యక్షమై, "నాయనా, ఇచ్చిన వరం వెనక్కు తీసుకోను. నువ్వు చెప్పింది తప్పు అని నీ నోటితో పైకి ఒప్పుకుంటే, ఆ క్షణమే లోకం మళ్లీ మునుపటిలా అల్లుకుంటుంది. ఇది నా రెండో వరం" అంది.

మహర్షి పెదవులు కదిలాయి.

"శిష్యులకు వినబడలేదు" అంది కుశావతి. "నాకూ వినబడలేదు. పెళ్లయిన నాటి నుంచీ వినాలని ఉంది, కాస్త గట్టిగా అనండి."

నీళ్ల మీద పిల్లవాడి జుట్టు మాత్రమే కనిపిస్తోంది. హిరణ్వతి హోరును మించి మహర్షి అరిచాడు: "నేను చెప్పింది తప్పు."

గట్లు పరుగున వచ్చి నదిని చుట్టుకున్నాయి. తీగలు చెట్లెక్కాయి. కైలాసంలో రెండు సగాలూ ఒక్కటయ్యాయి. బురదలో తడిసి ముద్దయిన కొడుకును గుండెకు హత్తుకున్న మహర్షికి మడి సంగతే గుర్తు లేదు. "ఇక చాలు, విన్నాం" అని కుశావతి అంటున్నా ఆపకుండా, "తప్పు నాదే నాన్నా, తప్పు నాదే" అంటూనే ఉన్నాడు.