వాలుగ మింగిన చిలక

అనగనగా ఒక రాజు. ఆయనకు నవ్వొస్తే ఆగదు. అదే కొంప ముంచింది. ఒకనాడు సభకు కంకాళుడనే మాయలమారి వచ్చాడు. వాడి మూతికి అటొకటి ఇటొకటి, పొడుగ్గా రెండే మీసాలు. "అచ్చం వాలుగ చేపే!" అని రాజు పకపకా నవ్వాడు. నవ్వుతున్నవాడు నవ్వుతున్నట్టే రాయైపోయాడు.

రాజుకు ముగ్గురు కొడుకులు. మాయలమారుల ప్రాణం ఎక్కడుంటుంది? ఏడు సముద్రాల అవతల, చిలకలో. మీకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. నాన్నను బతికించాలని పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. మూడోవాడు మణిధరుడు ఊరి చివర ఏటి రేవులో పడవెక్కాడు.

పడవ నడిపే పిల్ల పేరు ముత్తేలు.

"ఎందాకా దొరా?"

"కంకాళుడి ప్రాణం కోసం. ఏడు సముద్రాల దాకా."

"అంత దూరమెందుకు? ఆ కంకాళుడు ఎంగిలి చేత్తో కాకిని తోలడు. అలాంటివాడు రోజుకు మూడుసార్లు ఈ రేవుకొచ్చి ఒక వాలుగకు నేతిముద్దలు పెడతాడు. ఎందుకంటావు?"

మణిధరుడు ఏట్లోకి దూకాడు. వాలుగను పట్టాడు, సర్రున జారింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది.

"చేతులకు వెన్న రాసుకొచ్చావా రాకుమారా?" అంది వాలుగ.

ముత్తేలు పగలబడి నవ్వింది. "పొలుసు లేని చేపను వట్టి చేత్తో పడతారా ఎవరైనా? ఒడ్డుకు రా. ఇదిగో పొయ్యిలో బూడిద, పూసుకో. ఇదిగో అన్నం ముద్ద, చూపించు."

ముద్ద చూడగానే వాలుగ ఒడ్డుకొచ్చి నోరు తెరిచింది. బూడిద చేతులు దాన్ని గట్టిగా పట్టి ఇసుకలో పడేశాయి.

"చంపకు బాబూ! ఏది పెట్టినా మింగడం నా జబ్బు!" అంటూ వాలుగ కక్కేసింది. బొటనవేలంత చిలక బయటికి గెంతింది.

"ఛీ, నీచుకంపు! వాడి ప్రాణం నాలో పెట్టి, నన్ను దీని పొట్టలో పెట్టాడు!"

మణిధరుడు చిలకను గుప్పిట పట్టాడో లేదో, కంకాళుడు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"మెల్లగా నాయనా, మెల్లగా! ఏం చెయ్యమంటే అది చేస్తా!"

"మా నాన్నను లేపు."

కంకాళుడు వాళ్లిద్దరి వెంట సభకు వచ్చి మంత్రం వేయగానే రాజు లేచాడు. లేచీ లేవగానే ఆ మీసాలు చూసి, మిగిలిన నవ్వు కూడా నవ్వేశాడు.

మణిధరుడు బూడిద చేత్తోనే ముత్తేలు చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు మాత్రం జారిపోకు."

"ముందు చేతులు కడుక్కో దొరా" అంది ముత్తేలు. అన్నదే గాని చెయ్యి వదిలించుకోలేదు.

పెళ్లినాటికి అన్నలిద్దరూ చెరో మామూలు చిలకతో తిరిగొచ్చారు. కంకాళుడి చిలక కోటలో జామపళ్లు తింటోంది. కంకాళుడు రేవులో పడవ నడుపుతున్నాడు. మణిధరుడూ ముత్తేలూ మనవల మనవల్ని ఎత్తుకునేదాకా రాజ్యమేలారు.

అన్నట్టు, ఆ పెళ్లిలో నూటొక్క కూరలు వండారు గాని చేపల పులుసు వండలేదు. ఎలా వండుతారు? గంగాళంలో కూర్చున్న పెళ్లిపెద్ద వాలుగే కదా!