తామరమ్మ గుడ్ల పాట

చలికాలం పొద్దున్నే ఆ మడుగుకు వెళితే మీకేమీ కనిపించదు. మంచు దిగి నీళ్ళనూ, తుంగనూ, ఒడ్డునూ ఒకే తెల్లటి దుప్పటి కింద పడుకోబెట్టేస్తుంది. నీళ్ళెక్కడ అయిపోయాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తేలక చేపలు కూడా కాసేపు కదలకుండా ఉంటాయి. అలాంటి పొద్దుల్లోనే అక్కడివాళ్ళు గుడ్ల పాట పాడేవారు.

గుడ్ల పాటేమిటి అంటారా? ఆ మడుగులో పిల్లలు ఊరికే గుడ్డు పగలగొట్టుకుని రావు. మహా బెట్టు వాటికి. బయట పాట మొదలైతే లోపల నిద్రలేచి ముక్కుతో టక్ టక్‌మని కొడతాయి. చివరి మాట వినపడితేనే పెంకు పగలగొడతాయి. పాట మధ్యలో ఆగిందో, అలిగి అటు తిరిగి పడుకుంటాయి. అలా పడుకున్న పిల్ల ఇక లేవదు.

ఆ పాట ఏ ఒక్కరికీ పూర్తిగా రాదు. ఒక్కో ముక్క ఒక్కొక్కరి సొంతం. ఒకరు తమ ముక్క పాడుతూ మధ్యలో ఇంకొకరి పేరు పిలుస్తారు. ఆ పిలిచినవాళ్ళు తమ ముక్కను మొదటినుంచి పాడతారు. వాళ్ళది ముగిశాక మొదటివాళ్ళు ఆపిన చోటినుంచి అందుకుంటారు. పేరు పెట్టి పిలిస్తే కాదనకూడదు. ఎవరి ముక్కలో ఏముందని ముందుగా అడగకూడదు. పాట అయ్యేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు. ఇన్ని మర్యాదలున్న చోట దొంగకు ఎంత సుఖమో మీరే ఊహించుకోండి.

ఆ ఏడు బాతు తామరమ్మ ఆరు గుడ్లు పెట్టింది. వాటి మీద కూర్చుని కూర్చుని ఆమె ఈకల రంగే మారిపోయింది. పాట రోజు రానే వచ్చింది. కానీ పాట మధ్యలో ఒక ముక్క పాడే ముసలి బుడుబుంగ పిట్ట వరదల్లో ఎటో కొట్టుకుపోయింది.

"ఇప్పుడు ఆ ముక్క ఎవరు పాడతారు?" అని తామరమ్మ బెంగపడింది.

మంచులోంచి ముందు ఒక ముక్కు, తర్వాత రెండు మెరిసే కళ్ళు, ఆ తర్వాత తీరిగ్గా మిగతా నక్క వచ్చాయి. "నేనుండగా బెంగెందుకు అక్కయ్యా? బుడుబుంగ పిన్ని నన్ను సొంత కొడుకులా చూసుకునేది. ఆవిడ పేరు నిలబెట్టడానికి ఒక చిన్న ముక్క కట్టుకొచ్చాను," అన్నాడు నక్క జంబులింగం, కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వా! నీకు పాటొచ్చా?" అంది తామరమ్మ.

"వింటే నువ్వే అంటావు, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు తమ్ముడూ అని."

తామరమ్మ కాళ్ళ దగ్గరున్న పీత రాఘవులు గొణిగాడు. "ఏముందో ఒకసారి విందాం వదినా."

"అడగడం మర్యాద కాదురా!" అని కొంగ శేషాచలం కసిరాడు. మడుగులో పెద్ద గొంతు ఆయనదే. ఆ సంగతి ఆయనకు మరీ బాగా తెలుసు. పాట రోజున ఆయన ఉపవాసం ఉంటాడు కాబట్టి కప్ప గంగులు కూడా ఆయనకు దగ్గర్లోనే కూర్చునేవాడు. మరీ దగ్గరగా మాత్రం కాదు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. తామరమ్మ గూటి ముందు నిలబడి ఎత్తుకుంది. "నిద్ర నీళ్ళలో ఉన్న నాన్నలూ, ఇది మీ అమ్మ ఒడ్డు. శేషాచలం మామ వస్తున్నాడు, వినండి."

శేషాచలం ఒంటికాలి మీద నిలబడి మెడ చాచాడు. "మంచు మబ్బు నేల దిగింది, మడుగు కల కంటోంది, నా రెక్క కింద గాలి ఊగింది..." అంటూ మెల్లగా, తియ్యగా పాడి, "గంగులూ!" అని పిలిచాడు.

గంగులు అందుకున్నాడు. "ఇంకాసేపే, ఇంకాసేపే, చీకటి గది ఇంకాసేపే." అదే పల్లవి. చివర్లో ఇంకోసారి రావాలి. గూట్లో టక్ టక్‌లు మొదలయ్యాయి.

శేషాచలం మరో రెండు మాటలు పాడి, "జంబులింగం!" అన్నాడు.

జంబులింగం గొంతు సవరించుకున్నాడు. "ఆహా, ఏం గొంతు! శేషాచలం మావగారూ!"

అంతే. పేరు పెట్టి పిలిచాడు కదా, శేషాచలం మొదటినుంచి ఎత్తుకున్నాడు. "మంచు మబ్బు నేల దిగింది..." మళ్ళీ గంగులు. మళ్ళీ జంబులింగం. "ఆహా, ఏం గొంతు! శేషాచలం మావగారూ!" మళ్ళీ మంచు మబ్బు నేల దిగింది.

తన ముక్కలో సగం గొంతులోనే ఉండిపోయిందన్న సంగతి శేషాచలానికి తట్టనే లేదు. ఇన్నిసార్లు తననే అడుగుతున్నారంటే ఇవాళ తన గొంతు ఎంత బాగుందో అని మురిసిపోతున్నాడు. పాట తిరుగుతూ తిరుగుతూ మంచులో మంచై పోయింది. ఒడ్డున వింటున్న తాబేళ్ళు తూగాయి. తామరాకులు తూగాయి. తను పాడుతున్నది పాటో కలో గంగులుకే తెలియడం లేదు. ఎండ ఎక్కడో పైన ఉన్నట్టే ఉంది గానీ ఎవరి కంటా పడలేదు.

శేషాచలం పాడుతున్నంతసేపూ జంబులింగానికి పని లేదు. కాబట్టి పని కల్పించుకున్నాడు. మెత్తగా గూటి దగ్గరికి నడిచి, ఒక గుడ్డు నోట కరుచుకుని, తుంగలో దాచి, తన వంతుకు సరిగ్గా వచ్చి నిలబడ్డాడు. "ఆహా, ఏం గొంతు!"

తామరమ్మకు కూడా కళ్ళు బరువెక్కాయి. అయినా తల్లి చెవి కదా, టక్ టక్‌ల మీదే ఉంది. ఒక టక్ టక్ గూట్లోంచి కాక అవతలి తుంగలోంచి వినిపించింది. కల అనుకుంది. కాసేపటికి రెండోది కూడా అటు వెళ్ళిపోయింది.

ఆమె తెరవకూడని కళ్ళు తెరిచింది. గూట్లో నాలుగే ఉన్నాయి. తుంగలోంచి జంబులింగం మూతి నాక్కుంటూ వస్తున్నాడు.

అరవబోయి ఆగింది. అరిస్తే పాట ఆగుతుంది. ఆగితే ఆరుగురూ నిద్రపోతారు. పాటను ఆపడానికీ లేదు, ముగించడానికీ లేదు. మిగిలిన నాలుగింటికీ రెక్క అడ్డం పెట్టి, కన్నీళ్ళు ముక్కు మీదుగా కారుతుంటే వంగి పీత చెవిలో అంది. "రాఘవులూ, నా పిల్లల్ని ఎత్తుకుపోతున్నాడు. ఈ పాట ఇలా తిరుగుతున్నంతసేపూ తీసుకుపోతూనే ఉంటాడు."

"వాడి తోక పట్టుకోనా?"

"వాడు అరిస్తే పాట చెడదూ!"

రాఘవులు ఆలోచించాడు. "అయితే ఒకసారి పాడినవాళ్ళు మళ్ళీ పాడకూడదని చెబుదాం. తిరగడం ఆగిపోతుంది."

వెళ్ళి గంగులు చెవిలో ఊదాడు. ఈసారి వంతు రాగానే గంగులు నోరు మూసుకున్నాడు. అంతే, గూట్లో టక్ టక్‌లు నీరసపడ్డాయి. ఒకటైతే ఆగిపోయేలా ఉంది.

"వద్దు, వద్దు! పాడు గంగులూ!" అని తామరమ్మ గుసగుసగా ప్రాధేయపడింది. గంగులు గబుక్కున అందుకున్నాడు. "ఇంకాసేపే, ఇంకాసేపే..." టక్ టక్‌లకు ప్రాణం వచ్చింది. "పల్లవి మళ్ళీ మళ్ళీ రావాల్సిందే. గంగులు పాడితే తప్పు లేదు. మరి తప్పెక్కడుంది?" అనుకుంది తామరమ్మ.

ఆమె కళ్ళప్పగించి చూసింది. గంగులు తన ముక్క అవగానే చక్కగా కూర్చున్నాడు. శేషాచలం మాత్రం మొదటినుంచీ ఒంటికాలి మీద నిలబడే ఉన్నాడు. పాపం, ఆయనది అయితే కదా కూర్చోవడానికి!

"దొరికింది," అంది తామరమ్మ. "అందరికీ చెప్పు రాఘవులూ. కళ్ళు తెరవండి. పాట ఎత్తుకున్నవాళ్ళు నిలబడాలి, ముగించినవాళ్ళు కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళను ఎన్నిసార్లయినా పిలవొచ్చు. నిలబడి ఉన్నవాళ్ళను పిలిస్తే మాత్రం పలకొద్దు. వాళ్ళది ఇంకా అవలేదు."

"కళ్ళు తెరవడం మర్యాద కాదంటారేమో?"

"నా పిల్లల కంటే మర్యాద ఎక్కువా?"

రాఘవులు అడ్డంగా పరుగెత్తాడు. తాబేళ్ళు కళ్ళు తెరిచాయి. శేషాచలం కూడా తెరిచి, పాడుతూనే ఖాళీ అవుతున్న గూటిని చూశాడు. ఆయన గొంతు ఒక్క క్షణం వణికింది గానీ ఆగలేదు. ఆ రోజు ఆయన నిజంగా పెద్దమనిషనిపించుకున్నది ఆ ఒక్క చోటే.

"జంబులింగం!" అని పిలిచాడు.

జంబులింగం కళ్ళు అరమోడ్చి, నిలబడి, ఎప్పటిలాగే మొదలెట్టాడు. "ఆహా, ఏం గొంతు! శేషాచలం మావగారూ!"

ఎవరూ పలకలేదు.

"మావగారూ?"

"నేనింకా నిలబడే ఉన్నాను నాయనా. నాది అయ్యాక పిలువు. ముందు నీ ముక్క కానివ్వు," అని శేషాచలం రాగం తియ్యకుండానే అన్నాడు. పాట ఇప్పుడు జంబులింగం చేతిలో ఉంది.

జంబులింగం చుట్టూ చూశాడు. మంచులోంచి అన్ని కళ్ళూ అతన్నే చూస్తున్నాయి. అతని ముక్కలో ఇంకొకరిని పిలవడం తప్ప ఏమీ లేదు.

"అయిందా తమ్ముడూ?" అంది తామరమ్మ మెత్తగా. "అయితే కూర్చో."

కూర్చున్నాడు. కూర్చున్న చోట రాఘవులు ఉన్నాడు. నక్క తోక పీత డెక్కల మధ్య ఇరుక్కుంది.

"పాట అయ్యేదాకా కిమ్మన్నావో, రెండు ముక్కలు చేస్తా," అన్నాడు రాఘవులు.

జంబులింగం కళ్ళ నీళ్ళు పెట్టుకుని బుద్ధిగా విన్నాడు. శేషాచలం ఇంతసేపూ గొంతులో దాచుకున్న మిగతా సగం విప్పాడు. "మబ్బు మెల్లగా లేచింది, మడుగు కళ్ళు తెరిచింది..." అది ముగించి కూర్చున్నాడు. ఆ ఒంటికాలు ఎంత నొప్పి పుట్టిందో ఎవరికీ చెప్పలేదు. తామరమ్మ గంగులును పిలిచింది. "ఇంకాసేపే, ఇంకాసేపే..." పల్లవి రెండోసారి వచ్చి, ముగిసి, కూర్చుంది. ఇక నిలబడి ఉన్నది తామరమ్మ ఒక్కతే.

"వెలుగొచ్చింది నాన్నలూ," అని పాడింది. "తలుపు తీయండి."

గూట్లో నాలుగు పెంకులు పగిలాయి. తామరమ్మ తుంగ వైపు మెడ చాచింది. తుంగ కదిలింది. తడి ఈకలతో, తూలుతూ, రెండు పిల్లలు ఒకదాని వెనక ఒకటి మంచులోంచి నడుచుకుంటూ వచ్చి, జంబులింగం ముక్కు ముందునుంచే వెళ్ళి, తల్లి రెక్క కింద దూరాయి.

"ఇప్పుడు పాడవయ్యా," అని రాఘవులు డెక్కలు గట్టిగా నొక్కాడు.

జంబులింగం పెట్టిన కేక మడుగు అవతలి ఒడ్డుదాకా వినపడింది. ఎవరినీ పిలవకుండా ఆ రోజు అతను పాడిన సొంత ముక్క అదొక్కటే.

నీతి: మొదలుపెట్టింది ముగియకముందే దాన్నే మళ్ళీ మొదటినుంచి పిలిస్తే, ఆ పని ఎన్నటికీ తెల్లారదు.